బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ ప్యాకేజీ కొనబోయే తిరుపతి, చిత్తూరు వాసులకు హెచ్చరిక

వేసవి సెలవులకు గానీ దసరా సెలవులకు గానీ బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ నగరాలను కలిపి చూపించే ప్యాకేజీని తిరుపతిలో కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి దీన్ని పూర్తిగా చదవండి. జారీ అయిన విమాన టికెట్టు, ప్రతి రాత్రి బస చేసే హోటల్ పూర్తి చిరునామా, మీ పాన్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు చేతికి రాకముందే పూర్తి సొమ్ము అడిగే వాళ్లను నమ్మకండి. మా కుటుంబమూ మా బావగారి కుటుంబమూ కలిసి ఊళ్లోనే ఉన్న ఒక ట్రావెల్స్ ఆఫీసులో మనిషికి లక్షా పాతిక వేల రూపాయల చొప్పున కట్టాం. మా ఫిర్యాదు విచారణలో ఉన్నందువల్ల ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే వాళ్లు అమ్మిన పద్ధతి తెలిస్తే, అదే పద్ధతిలో అమ్మే మరెవరినైనా మీరు గుర్తుపట్టగలరు.

వాళ్ల ఫ్లెక్సీల మీదా, వాట్సాప్‌లో పంపిన ప్రకటనల మీదా ‘తిరుపతి నుంచి తిరుపతికి, అన్నీ కలిపి’ అని పెద్ద అక్షరాలతో ఉంది. రేణిగుంట విమానాశ్రయం నుంచి ఈ మూడు నగరాల్లో దేనికీ నేరుగా విమానం లేదు. చెన్నై వెళ్లి ఎక్కాలి, తిరిగి వచ్చేటప్పుడూ అక్కడే దిగాలి. చెన్నై విమానాశ్రయానికి వ్యాను ప్యాకేజీలోనే ఉందని నోటితో చెప్పి, బయలుదేరే రోజున దాని బాడుగ విడిగా తీసుకున్నారు. ఇది చిన్న మొత్తమే కాబట్టి దీని గురించి ఎక్కువ రాయను. అసలు నష్టం విమాన టికెట్ల దగ్గర మొదలైంది.

డబ్బు మొత్తం కట్టిన మర్నాడే మాకు ఒక కాగితం పంపారు. దాని మీద విమాన సంస్థ గుర్తు, మా అందరి పేర్లు, ఆరు అక్షరాల పీఎన్ఆర్, దాని పక్కన ‘కన్ఫర్మ్’ అన్న మాట ఉన్నాయి. చూసిన వాళ్లెవరైనా టికెట్లు కొనేశారనే అనుకుంటారు, అలా అనుకోవాలనే ఆ కాగితం పంపుతారు. కానీ పీఎన్ఆర్ ఉన్నంత మాత్రాన టికెట్టు కొన్నట్టు కాదు. ఏజెంట్లు తమ బుకింగ్ వ్యవస్థలో డబ్బు చెల్లించకుండానే కొంత గడువు వరకు సీట్లు పట్టి ఉంచుకోగలరు. ఆ గడువులోగా టికెట్టు జారీ చేయకపోతే బుకింగ్ దానంతట అదే రద్దయిపోతుంది. పెద్ద విమాన సంస్థల్లో నిజంగా జారీ అయిన టికెట్టుకు 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉంటుంది. చౌక విమాన సంస్థల్లో ఆ నంబరు లేకపోవచ్చు గానీ, వాటి వెబ్‌సైట్లో పీఎన్ఆరూ ప్రయాణికుడి పేరూ ఇచ్చి చూస్తే బుకింగ్ ఏ స్థితిలో ఉందో మనమే తెలుసుకోవచ్చు. ఏజెంటు పంపిన పీడీఎఫ్‌ను ఎవరైనా ఎలాగైనా తయారు చేయవచ్చు కాబట్టి, విమాన సంస్థ సొంత వెబ్‌సైట్లో మన కళ్లతో చూసినదే లెక్క.

ప్రయాణం దగ్గర పడుతుండగా మా మేనల్లుడు ఆ పీఎన్ఆర్ కొట్టి చూస్తే అలాంటి బుకింగే లేదని వచ్చింది. ఆఫీసుకు వెళ్లి అడిగితే, ‘సిస్టంలో ఏదో ప్రాబ్లం సార్, రేపటికి సరిపోతుంది, మీరు నిశ్చింతగా ఉండండి’ అన్నారు. తరవాత ఛార్జీలు పెరిగిపోయాయనీ, తేడా కింద మనిషికి పద్దెనిమిది వేలు కడితే తప్ప టికెట్లు రావనీ మాట మార్చారు. మేం కట్టిన సొమ్ముతో అప్పుడే టికెట్లు తీసి ఉంటే తేడా అన్న ప్రశ్నే వచ్చేది కాదు. మా డబ్బును వేరే వాళ్ల ప్రయాణానికి వాడుకుని, మా టికెట్ల కోసం మళ్లీ మా దగ్గరే వసూలు చేశారన్నది నా అభిప్రాయం. ఫిర్యాదులోనూ ఇదే రాశాం.

మేం గట్టిగా మాట్లాడలేకపోవడానికి కారణం, అప్పటికి మా పాస్‌పోర్టులన్నీ వాళ్ల బీరువాలో ఉండటం. సింగపూర్ వీసా కోసమని ఒరిజినల్ పాస్‌పోర్టులు తీసుకుని, తేడా సొమ్ము కట్టేదాకా తిరిగి ఇవ్వబోమని చెప్పారు. ఈ ఒక్క విషయం అందరూ గుర్తుంచుకోవాలి. సింగపూర్ వీసా ఎలక్ట్రానిక్ రూపంలో వస్తుంది, పాస్‌పోర్టు మీద స్టిక్కరేమీ అంటించరు. కనుక వీసా వచ్చాక కూడా పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఉండవలసిన పని లేదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎల్లప్పుడూ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని బాకీ కింద తాకట్టులా పట్టి ఉంచుకునే అధికారం ఏ ట్రావెల్స్ వాళ్లకూ లేదు. ఎవరికైనా ఒరిజినల్ ఇవ్వక తప్పకపోతే, ఏ పని కోసం ఇస్తున్నారో, ఏ తేదీన తిరిగి ఇస్తారో రాసిన రసీదు మీద సంతకం, ముద్ర తీసుకోండి. వాళ్లు తిరిగి ఇవ్వబోమంటే పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

వీసాల పేరుతో జరిగిన వసూలు మరొకటి. మా బిల్లులో ‘మూడు దేశాల వీసా ఖర్చులు’ అంటూ ఒకే మొత్తం వేశారు. భారతీయ పర్యాటకులకు మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల వరకు వీసా మినహాయింపు ఇచ్చి, దాన్ని 2026 డిసెంబరు 31 దాకా పొడిగించింది. మేం వెళ్లేనాటికి థాయిలాండ్‌కు కూడా వీసా అక్కర్లేదు. అప్పుడు ఈ రెండు దేశాలకు కావలసి వచ్చింది డిజిటల్ అరైవల్ కార్డు, అంటే వెళ్లే ముందు ఆన్‌లైన్లో వివరాలు నింపే ఫారం మాత్రమే. థాయిలాండ్ 2025 మే 1 నుంచి దాన్ని అందరికీ తప్పనిసరి చేసింది. చేరే తేదీకి మూడు రోజుల లోపల ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్లో నింపాలి, ఫోనులోనే నింపుకోవచ్చు, రుసుమేమీ లేదు. సింగపూర్ అరైవల్ కార్డు కూడా ఉచితమే. మూడింట్లో మాకు వీసా కావలసి వచ్చింది సింగపూర్‌కు ఒక్కదానికే. దాని ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, దాని పైన ఏజెంటు తన సేవకు కొంత తీసుకుంటాడు. ఉచితంగా నింపే ఫారాలకు వీసా రుసుమని బిల్లు వేయడం నాకు మోసంగానే కనిపిస్తోంది. వీసా నిబంధనలు తరచుగా మారుతుంటాయి కాబట్టి, మీ ప్రయాణం నాటికి ఏది అమలులో ఉందో ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లలో మీరే చూసుకుని, బిల్లులో దేశాల వారీగా రుసుము విడివిడిగా రాయించుకోండి.

అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టింది సింగపూర్ బస. ప్రయాణ పట్టికలో ‘సింగపూర్ పరిసరాల్లో త్రీ స్టార్ హోటల్’ అని ఉంది. హోటల్ పేరు అడిగిన ప్రతిసారీ, బయలుదేరే ముందు ఓచరు ఇస్తామన్నారు. చెన్నైలో విమానం ఎక్కే రోజున వచ్చిన ఓచరు చూస్తే ఆ హోటల్ సింగపూర్‌లో లేదు, మలేషియాలోని జొహోర్ బారులో ఉంది. సింగపూర్‌లో గదుల అద్దెలు చాలా ఎక్కువ, జొహోర్‌లో అందులో కొంత భాగమే. ఆ తేడా మిగుల్చుకోవడానికి యాత్రికులను రెండు దేశాల సరిహద్దు దాటిస్తూ తిప్పుతారు. పటంలో చూస్తే రెండూ పక్కపక్కనే, మధ్యలో సుమారు కిలోమీటరు పొడవున్న వంతెన రోడ్డు మాత్రమే ఉంది. కానీ అది ప్రపంచంలోనే అత్యంత రద్దీగా ఉండే సరిహద్దు దారుల్లో ఒకటి. జొహోర్ వైపు బస్సు దిగి మలేషియా ఇమిగ్రేషన్ వరుసలో నిలబడాలి, మళ్లీ బస్సెక్కి వంతెన దాటి వుడ్‌ల్యాండ్స్‌లో దిగి సింగపూర్ ఇమిగ్రేషన్ వరుసలో నిలబడాలి. సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు ఇదంతా మరోసారి. పైగా ప్రతి ప్రవేశానికీ అరైవల్ కార్డు కొత్తగా నింపాలి. సింగపూర్ వీసా ఒక్క ప్రవేశానికే వచ్చిన వాళ్లయితే రెండో రోజు అసలు వెళ్లనే లేరు.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే సింగపూర్‌లోని సెరంగూన్ రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఉందని, పరాయి దేశంలో కూడా స్వామిని చూడవచ్చని చెప్పినందుకు. పొద్దున సగం ఇమిగ్రేషన్ వరుసల్లోనే గడిచిపోయి, మేం నగరంలోకి చేరేసరికి మధ్యాహ్నమైంది. ‘ఇప్పుడు గుడి మూసి ఉంటుంది, సాయంత్రం తిరుగు బస్సుకు ఆలస్యమవుతుంది’ అని గైడు ఆ ఆలయాన్నే పట్టిక నుంచి తీసేశాడు. ముసలివాళ్లను వెంట తీసుకెళ్లే వాళ్లు ఈ జొహోర్ విషయాన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. తెలుసుకోవడం కష్టం కాదు: సింగపూర్ చిరునామాలో పిన్‌కోడ్ ఆరు అంకెలు, మలేషియాలో అయిదు అంకెలు, సింగపూర్ ఫోన్ నంబరు ముందు 65 ఉంటుంది, మలేషియా నంబరు ముందు 60 ఉంటుంది. డబ్బు కట్టే ముందే హోటల్ పేరు, పిన్‌కోడ్ అడగండి. ‘అదే స్థాయి వేరే హోటల్’ అన్న వాక్యం ఒప్పందంలో ఉంటే, ‘అదే నగరంలో’ అన్న మాటను పక్కన చేతితో రాయించి సంతకం పెట్టించండి.

చూపించిన ప్రదేశాల సంగతి కూడా చెప్పాలి. కౌలాలంపూర్‌లోని పెట్రోనాస్ జంట టవర్లకు మమ్మల్ని సోమవారం తీసుకెళ్లారు. సోమవారాల్లో పైకి సందర్శకులను అనుమతించరు. 41, 42 అంతస్తుల్లో రెండు టవర్లనూ కలిపే వంతెన, 86వ అంతస్తు ఎక్కించి చూపిస్తామని పట్టికలో ఉన్నా, రోడ్డు మీద బస్సు ఆపి ఫోటోలు తీసుకోమన్నారు. మరి పై అంతస్తుల టికెట్ల డబ్బు ఏమైందని అడిగితే సమాధానం లేదు. బటు గుహలకు ‘ప్రవేశ రుసుము’ చూపారు, 42.7 మీటర్ల సుబ్రహ్మణ్య స్వామి విగ్రహం పక్కన 272 మెట్లెక్కి వెళ్లే ప్రధాన గుహాలయానికి రుసుమే లేదు. అలిపిరి మెట్లు నడిచి వెళ్లే మనవాళ్లకు ఆ మెట్లు పెద్ద పనేమీ కాదు, నిజానికి మా పిల్లలకు యాత్ర మొత్తంలో బాగా నచ్చిందీ ఆ గుహే. సింగపూర్‌లో మెర్లయన్ విగ్రహం, గార్డెన్స్ బై ది బేలోని సూపర్‌ట్రీల తోట నేల మీది నుంచి చూడటానికి ఉచితం. అక్కడ టికెట్టు ఉన్నది ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్ వంటి వాటికి, వాటిలోకి మమ్మల్ని తీసుకెళ్లలేదు. బ్యాంకాక్‌లో ఉదయమంతా రత్నాల దుకాణంలో కూర్చోబెట్టారు. గ్రాండ్ ప్యాలెస్‌లో టికెట్లు మధ్యాహ్నం మూడున్నరకే ఆపేస్తారు, మేం చేరేసరికి ఆ వేళ దాటింది. విదేశీయులకు 500 బాత్ ఉన్న ఆ టికెట్టు కూడా మా ప్యాకేజీలో ‘కలిపే’ ఉంది. కాబట్టి పట్టికలో ప్రతి ప్రదేశానికి ఎదురుగా టికెట్టుతో లోపలికా, బయటి నుంచేనా అన్నది, ఏ రోజు ఏ వేళకు అన్నది రాయించుకుని, ఆ రోజు అది తెరిచి ఉంటుందో లేదో సరిచూసుకోండి.

ఇక పన్ను. విదేశీ యాత్రా ప్యాకేజీ అమ్మే సంస్థ కొనుగోలుదారు నుంచి టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేయాలన్న నియమం 2020 అక్టోబరు 1 నుంచి ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు 5 శాతం, ఆపై మొత్తానికి 20 శాతం ఉండేది. బడ్జెట్లలో ఈ రేటు మారుతుంటుంది కాబట్టి మీరు కట్టే నాటి రేటు చూసుకోండి. ఈ సొమ్ము పోయేది కాదు, మన పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమై, 26ఏఎస్ అనే ఆదాయపు పన్ను శాఖ పట్టికలో కనిపించి, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటు కావడమో వాపసు రావడమో జరుగుతుంది. మా దగ్గర టీసీఎస్ అని చెప్పి నగదుగా తీసుకున్నారు, పాన్ నంబరు మాత్రం అడగనే లేదు. మా 26ఏఎస్‌లో ఇప్పటికీ ఆ మొత్తం లేదు. పాన్ అడగకుండా టీసీఎస్ తీసుకునే వాళ్లు ఆ డబ్బును ప్రభుత్వానికి మీ పేరున ఎలా కడతారో అక్కడికక్కడే అడగండి. సంస్థ కరెంటు ఖాతాకు కాకుండా యజమాని సొంత యూపీఐ నంబరుకు పంపమన్నా ఒప్పుకోకండి. మా చెల్లింపుల్లో సగం అలాగే వెళ్లాయి, ఇప్పుడు అవి సంస్థకు సంబంధించినవి కావని వాళ్లు వాదిస్తున్నారు.

తిరిగి వచ్చాక వాపసు అడిగితే ‘నాన్ రిఫండబుల్’ అని రసీదు వెనక ముద్ర చూపించారు. ఇవ్వని సేవకు ఆ ముద్ర అడ్డు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, సంస్థ ఎక్కడ ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ వింటుంది, 5 లక్షల వరకు రుసుమే లేదు, నష్టం జరిగిన రెండేళ్లలోగా వేయాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని సంస్థలు ఆ దశలోనే రాజీకి వస్తాయి. మా విషయంలో రాలేదు కాబట్టి కమిషన్‌కు వెళ్లాం. కమిషన్‌లో ఫిర్యాదును ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయవచ్చు.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీకి అడ్వాన్సు కట్టి, ప్రయాణానికి ఇంకా సమయం ఉన్నవాళ్లు ఈ రోజే విమాన సంస్థ వెబ్‌సైట్లో పీఎన్ఆర్ సరిచూడండి, పాస్‌పోర్టులు వెనక్కి తీసుకోండి, మిగతా వాయిదా కట్టే ముందు హోటల్ చిరునామాలు రాతపూర్వకంగా అడగండి. ఫోనులో చెప్పిన ప్రతి హామీనీ ‘మీరు ఈ రోజు ఇలా చెప్పారు’ అని అదే రోజు వాట్సాప్‌లో రాసి పంపండి. ఓచర్లు, బస్సు టికెట్లు, ప్రవేశ టికెట్లు, గైడుతో జరిగిన సందేశాలు, చేరిన వేళ కనిపించేలా తీసిన ఫోటోలు దాచుకోండి. మా ఫిర్యాదుకు ఆధారంగా నిలిచినవి జొహోర్ హోటల్ ఓచరు, పాస్‌పోర్టుల మీద ఒకే రోజున పడిన రెండు మలేషియా ముద్రలు.