ముడి విప్పే నవలా? వదిలేసే నవలా?

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ బస్సెక్కేటప్పుడు ఏ క్రైమ్ నవల పట్టుకెళ్లాలి?

టైం: హంతకుడెవరో తేల్చేసేదైతే రానూ పోనూ ప్రయాణంలో అయిపోతుంది. తేల్చనిది పుస్తకం మూసినా వదలదు.

రిస్క్: మొదటిదాని ముగింపు ఎవరైనా ముందే చెప్పేస్తే సరదా పోయినట్టే. రెండోదాంతో కోపమొస్తుంది. ఉదాహరణకి రచయిత్రి టానా ఫ్రెంచ్ నవల ‘ఇన్ ద వుడ్స్’ (2007)లో బాలిక హత్య కేసు తేలుతుంది. 1984లో అడవిలో మాయమైన ఇద్దరు పిల్లల సంగతి మాత్రం తేలదు.

పాత్రలు: ఆ రోజు నెత్తురు నిండిన బూట్లతో దొరికిన మూడో పిల్లాడే ఇప్పుడు డిటెక్టివ్. అబద్ధాలాడతాడు, ప్రాణంగా చూసుకున్న సహోద్యోగినే దూరం చేసుకుంటాడు. నాకు వాడంటే చిరాకే. అయినా ఆ బూట్లు కళ్ల ముందు నుంచి పోవు.

అలసిపోయి, జవాబు కావాలనిపించిన రోజు మొదటిది. చదివాక చాయ్ దగ్గర గంటసేపు వాదించే దోస్తు ఉంటే రెండోదే తీసుకోండి.