మా కాలనీ వ్యాయామశాలలో అరవై దాటినవారి బ్యాచ్: మూడు నెలల అనుభవం

మా కాలనీలోని వ్యాయామశాల అరవై దాటినవారి కోసం ఉదయం ఆరున్నరకు ప్రత్యేకంగా నడుపుతున్న బ్యాచ్‌లో నేను, మా వారు మూడు నెలల కిందట చేరాము. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావుగంట. రుసుము నెలకు ఒక్కొక్కరికి 1,500 రూపాయలు. నాకు 64 ఏళ్లు, ఆయనకు 70.

ముందుగా చెప్పవలసింది శిక్షకురాలి గురించి. మొదటి రోజు ఆమె ఎవరి చేతా బరువులు ఎత్తించలేదు. చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకోమని, అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలమో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకున్నారు. నాకు 11 వచ్చాయి. 82 ఏళ్ల మా పక్కింటి అత్తయ్యగారికి 13 వచ్చాయి. తర్వాత గోడ పక్కన ఒంటికాలి మీద నిలబెట్టి చూశారు. ఎవరు ఏ వ్యాయామం చేయాలో ఆ రెండు పరీక్షలను బట్టే నిర్ణయించారు. ఎవరి పుట్టినతేదీనీ అడగలేదు. 65 నిండినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని, మూడు రోజులైనా తూలిపోకుండా నిలదొక్కుకునే కసరత్తులు, కండబలం పెంచేవి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇక్కడి పద్ధతి దానికి దగ్గరగానే ఉంది. నడక మాత్రం విడిగా చేసుకోవాలి.

నాకు నచ్చనిది గుమ్మం దగ్గర వేలాడే ‘వృద్ధుల బ్యాచ్’ అనే బోర్డు. మా వారు మొదటి రోజు దాన్ని చదివి గేటు దగ్గరే ఆగిపోయారు. నిజానికి వృద్ధుడు, వృద్ధి ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. కానీ వృద్ధాప్య పింఛను, వృద్ధాశ్రమం అని విని విని, ఆ మాట వినగానే ఒకరిపై ఆధారపడిన మనిషే ఇప్పుడు మనసులో మెదులుతాడు. చేరిక ఫారంలోనూ 18 నుంచి 60 దాకా మూడు గళ్లు ఇచ్చి, ఆపైన బతుకంతటికీ ఒకే గడి మిగిల్చారు. ప్రభుత్వం కూడా అలా చూడదు: తల్లిదండ్రుల, పెద్దల పోషణ కోసం చేసిన 2007 చట్టం 60 నిండినవారిని సీనియర్ సిటిజన్లంటుంది, ఆదాయపు పన్ను 80 నిండినవారిని వేరుగా లెక్కిస్తుంది, ఉచిత వైద్యానికి పనికొచ్చే ఆయుష్మాన్ వయో వందన కార్డు 70 నిండినవారికి ఇస్తారు. మన ఇళ్లలోనైతే అరవైకి షష్టిపూర్తి, డెబ్బైకి భీమరథ శాంతి, ఎనభై దాటి వెయ్యి పున్నములు చూశాక సహస్ర చంద్ర దర్శనం. ఒక్కో మెట్టుకూ ఒక్కో పేరు పెట్టుకున్నవాళ్లం. ‘వయోధికులు’ పుస్తకాల మాటలా ఉంటుంది. ‘పెద్దల బ్యాచ్’ అంటే చాలునని నిర్వాహకులకు రాసి ఇచ్చాను.

స్నానాలగది ముందున్న రెండు మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ లేదు. తూలిపోకుండా నిలబడడం నేర్పే చోట ఇది చిన్న లోపం కాదు. రెండుసార్లు చెప్పినా ఇంకా పెట్టలేదు.

గత సోమవారం మళ్లీ కుర్చీ పరీక్ష జరిగింది. నాకు 14 వచ్చాయి, అత్తయ్యగారికి 15. మా వారు ఇంకా ఒంటికాలి మీద పది సెకన్లు నిలవలేకపోతున్నారు కాబట్టి మరో మూడు నెలలకు ఇద్దరి రుసుమూ కట్టాము.