నోకియా 6600లో ఇంటర్నెట్ సెట్టింగులు: ఐదేళ్లు వాడాక

2003లో వచ్చిన నోకియా 6600ని ఐదేళ్లకు పైగా వాడాను. దాని కెమెరా గురించి, ఆ బొద్దు ఆకారం గురించి అందరూ రాసేశారు. నేను రాసేది యాక్సెస్ పాయింట్ల మెనూ గురించి, అంటే ఫోన్ ఏ దారిలో నెట్‌కి వెళ్లాలో రాసిపెట్టే చోటు. ఫోన్‌లో నెట్ వస్తుందా రాదా అన్నది తేలేది అక్కడే.

టూల్స్‌లోకి వెళ్లి సెట్టింగ్స్, అందులో కనెక్షన్, అందులో యాక్సెస్ పాయింట్స్. కొత్తది తెరిస్తే పేరు, డేటా బేరర్ (నెట్‌కి వెళ్లే పద్ధతి), ఏపీఎన్ (నెట్‌వర్క్ వాళ్లిచ్చే యాక్సెస్ పాయింట్ పేరు), యూజర్ నేమ్, పాస్‌వర్డ్, హోమ్ పేజీ అని వరసగా గళ్లు కనిపిస్తాయి. ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్ చిరునామా), దాని పోర్ట్ నంబరు మాత్రం అడ్వాన్స్‌డ్‌లో విడిగా ఉంటాయి. బేరర్ దగ్గర జీపీఆర్‌ఎస్ (అప్పటి మొబైల్ డేటా) కాకుండా డేటా కాల్ పెడితే అది మోడెమ్‌లా నంబరుకి డయల్ చేసే పద్ధతి, నిమిషాల లెక్కన డబ్బు పోయేది. ఈ ఒక్క గడి దగ్గర జాగ్రత్త.

మొదటిసారి నాకు మూడు రోజులు పట్టింది. సెట్టింగులన్నీ తనే నింపే నెట్‌వర్క్ వాళ్ల కాన్ఫిగరేషన్ మెసేజ్ ఎంతకీ రాకపోతే అన్నీ చేత్తోనే కొట్టాను. బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఒకటే మాట: ముందు డేటా సర్వీసు తీసుకోమని. సర్వీసే ఇవ్వలేదనుకుని కస్టమర్ కేర్‌కి రోజూ ఫోన్ చేయడం, వాళ్లు 'యాక్టివ్‌గానే ఉందండీ' అనడం. తీరా చూస్తే ఏపీఎన్ చివర ఒక ఖాళీ పడి ఉంది. ఈ కీప్యాడ్ మీద సున్నా నొక్కితే స్పేస్ పడుతుంది, తెర మీద మాత్రం ఏమీ కనబడదు. జాయ్‌స్టిక్‌ని కుడివైపు నొక్కుకుంటూ పోతే కర్సర్ ఆఖరి అక్షరం దాటి ఇంకో అడుగు వేసింది. అప్పుడు దొరికింది దొంగ. చెరిపే సి మీట ఒక్కసారి నొక్కాను, పేజీ వచ్చేసింది.

అప్పట్నుంచి ఆ మెసేజ్ వస్తే ముందు ఏపీఎన్‌నే అనుమానిస్తాను. 'నో గేట్‌వే రిప్లై' అంటే మాత్రం ఏపీఎన్ జోలికి పోను, ప్రాక్సీ, పోర్ట్ చూస్తాను.

ఇంకో తిరకాసు, ఒక్క యాక్సెస్ పాయింట్‌తో పని గడవదు. వ్యాప్ పేజీలకి (ఫోన్ల కోసమే చేసిన చిన్న పేజీలు) ఒకటి, ఎంఎంఎస్‌కి (ఫోటో మెసేజ్‌లు) ఇంకొకటి. 2006లో ఒపెరా మినీ అనే బ్రౌజర్ వచ్చాక ప్రాక్సీ లేని మూడోది కూడా పెట్టాను. దీని ధర్మమా అని 176×208 తెర మీద అసలు వెబ్‌సైట్లు చదవగలిగాను. పేజీని ఒపెరా వాళ్ల సర్వర్‌లోనే కుదించి పంపుతుంది కాబట్టి జీపీఆర్‌ఎస్ నత్తనడక కూడా సరిపోయేది. మేనేజర్‌లోకి వెళ్లి ఆ అప్లికేషన్‌కి యాక్సెస్ పాయింట్ ఒకసారి కట్టిపెడితే తెరిచినప్పుడల్లా అడగదు.

బిల్లు టెన్షన్ ఉన్నవాళ్లకి లాగ్‌లో జీపీఆర్‌ఎస్ కౌంటర్ ఉంది. పంపినదీ అందుకున్నదీ విడివిడిగా చూపిస్తుంది. బ్రౌజర్ మూశాక కనెక్షన్ తెగిందో లేదో అనుమానంగా ఉంటే ఎర్ర మీట కాసేపు నొక్కి పట్టుకోవాలి. నేనైతే అలవాటుగా ప్రతిసారీ పట్టుకునేవాణ్ణి. మధ్యలో కాల్ వస్తే డేటా ఆగిపోతుంది, మాట్లాడటం అయ్యాక మళ్లీ అందుకుంటుంది.

ఇంత విసిగించినా ఈ మెనూ మీద నాకు కోపం లేదు. ఏదీ దాచదు, ప్రతి గడీ మనమే దిద్దుకోవచ్చు. తప్పు ఎక్కడుందో చెప్పడమే దానికి రాదు. ఇప్పుడు ఎవరైనా పాతది సంపాదించి వాడేట్టయితే ఒక్క మాట: ఫోన్ మందగించిందని స్టార్ హాష్ 7370 హాష్ కొట్టి రీసెట్ చేస్తే యాక్సెస్ పాయింట్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే నా సెట్టింగులు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. ఏపీఎన్ పక్కన ఎర్ర ఇంకుతో 'చివర స్పేస్ లేదు' అని కూడా.