హోర క్రమం తెలిస్తే సగం పట్టిక వచ్చినట్టే: జ్యోతిషంతో కలిపి టారో చదివే పద్ధతిపై సమీక్ష

టారో కార్డులకు రాశులు, గ్రహాలు తగిలించే పట్టికలు చాలానే ఉన్నా ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో ఆడుతున్నది గోల్డెన్ డాన్ పట్టిక. ఆ రహస్య విద్యల సంఘం 1888లో లండన్‌లో మొదలైంది. 1909లో వచ్చిన రైడర్-వెయిట్ డెక్కుకూ, 1938-43 మధ్య బొమ్మలు గీసిన థోత్ డెక్కుకూ పునాది అదే. ఈ సమీక్ష కూడా ఆ పట్టిక గురించే. చాలాకాలం వాడాక తేలింది ముందే చెప్పేస్తాను. 2 నుంచి 10 దాకా ఉన్న అంకెల కార్డులకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మేజర్ ఆర్కానాకు, అంటే ఫూల్, మూన్ లాంటి పేర్లున్న 22 పెద్ద కార్డులకు, సగం సగం. కింగ్, క్వీన్, నైట్, పేజీ అనే కోర్టు కార్డుల దగ్గర తలనొప్పి. ‘ఎప్పుడు జరుగుతుంది’ అన్న ప్రశ్నకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

అంకెల కార్డులతో మొదలుపెడితే మేలు. రాశిచక్రం 360 డిగ్రీలు. పదేసి డిగ్రీలకు ఒక ముక్క చొప్పున 36 ముక్కలు. ఏస్‌లు (ఒకట్లు) తీసేస్తే అంకెల కార్డులు కూడా సరిగ్గా 36. చర రాశులకు (మేషం, కర్కాటకం, తుల, మకరం) 2, 3, 4. స్థిర రాశులకు (వృషభం, సింహం, వృశ్చికం, కుంభం) 5, 6, 7. ద్విస్వభావ రాశులకు (మిథునం, కన్య, ధనుస్సు, మీనం) 8, 9, 10. ఇక నాలుగు సూట్లు, అంటే కార్డుల జాతులు: అగ్ని రాశులకు వాండ్స్ (కర్రలు), జల రాశులకు కప్స్ (గిన్నెలు), వాయు రాశులకు స్వోర్డ్స్ (కత్తులు), భూ రాశులకు పెంటకిల్స్ (నాణేలు). తుల చర రాశి, వాయు రాశి కాబట్టి దానికి స్వోర్డ్స్ 2, 3, 4 వస్తాయి. ఇక్కడిదాకా బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు.

ఏ ముక్కకు ఏ గ్రహం అన్న దగ్గరే చాలామంది పట్టిక ముందు పెట్టుకుని నెలల తరబడి కుస్తీ పడతారు. హోరలు, అంటే రోజులో ఒక్కో గంటను ఏలే గ్రహాలు, లెక్కపెట్టడం వచ్చినవాళ్లకు ఆ అవసరం లేదు. రవి, శుక్ర, బుధ, చంద్ర, శని, గురు, కుజ అన్న వరసే ఇక్కడా నడుస్తుంది. మేషం మొదటి ముక్క, అంటే టూ ఆఫ్ వాండ్స్, కుజుడితో మొదలవుతుంది. త్రీకి రవి, ఫోర్‌కు శుక్రుడు, వృషభంలో ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్‌కు బుధుడు, అలా సాగిపోతుంది. మధ్యలో ఏదైనా కావాలంటే మేషం నుంచి అది ఎన్నో ముక్కో చూసి ఏడుతో భాగించండి. శేషం 1 అయితే కుజుడు, 2 రవి, 3 శుక్రుడు, 4 బుధుడు, 5 చంద్రుడు, 6 శని, 0 గురుడు. తుల మొదటి ముక్క 19వది, శేషం 5, కాబట్టి టూ ఆఫ్ స్వోర్డ్స్ చంద్రుడిది. ముప్ఫై ఆరుకూ శేషం ఒకటే వస్తుంది కనుక మీనం చివర టెన్ ఆఫ్ కప్స్, మేషం మొదట టూ ఆఫ్ వాండ్స్ రెండూ కుజుడివే. చక్రం అతుకు దగ్గర కుజుడు రెండుసార్లు రావడం అచ్చుతప్పు కాదు, లెక్క అలాగే వస్తుంది.

జ్యోతిషం ముందే చదువుకున్నవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ద్రేక్కాణం (రాశిలో మూడో వంతు) దగ్గర. పది డిగ్రీల ముక్క అనగానే పరాశర పద్ధతిలో అదే రాశి, దానికి అయిదోది, తొమ్మిదోది అని అధిపతులను వేసేస్తారు. మేషంలో ఆ లెక్కన కుజుడు, రవి, గురుడు వస్తారు. టారో పట్టికలో కుజుడు, రవి, శుక్రుడు. మొదటి రెండూ కలిసిపోయేసరికి మిగతావన్నీ అంతేననుకుంటారు. ఫోర్ ఆఫ్ వాండ్స్‌ను గురుడి కార్డుగా చదివితే ఆ బొమ్మలోని పూలతోరణం ధర్మం, ఉపదేశం వైపు లాగుతుంది. శుక్రుడిగా చదివితే పండగ, కలయిక వైపు వెళుతుంది. కార్డు ఏళ్లుగా మోస్తున్న అర్థం రెండోదే. రెండు ద్రేక్కాణాలనూ ఒకే పుస్తకంలో రాసుకోకండి.

రెండో ముళ్లపొద సాయనం, నిరయనం. మేషాన్ని సాయనం విషువత్తు నుంచి, నిరయనం నక్షత్రాలను బట్టి లెక్కిస్తుంది. ఈ పట్టికకు అచ్చులో కనిపించే తేదీలన్నీ సాయనం ప్రకారం వేసినవే. మార్చి 21 ప్రాంతంలో మేషం మొదలవుతుంది. మన జాతకచక్రం నిరయనం. తేడా ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు, అంటే రెండు ముక్కల మీద నాలుగు డిగ్రీలు. ఆగస్టు 14న పుట్టినవారికి సాయనంలో రవి సింహం 21 డిగ్రీల దగ్గర ఉంటాడు. అది సెవెన్ ఆఫ్ వాండ్స్, సింహంలో కుజుడు, గుట్ట మీద నిలబడి ఆరు కర్రలను ఒక్కడే ఎదుర్కొనే మనిషి. నిరయనంలో కర్కాటకం 27 దగ్గర, ఫోర్ ఆఫ్ కప్స్, చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చుని అందిస్తున్న గిన్నెను కూడా చూడని మనిషి. ఒకరికే ఈ రెండు కార్డులూ చెబితే వినేవారికి మీరు ఏదో ఒకటి చెబుతున్నారనే అనిపిస్తుంది. నిరయనంతో చదవడం తప్పేమీ కాదు. అయితే తేదీలన్నీ మీరే మళ్లీ కట్టుకోవాలి, ఒక సంప్రదింపులో ఒక్క లెక్కనే పట్టుకుని ఉండాలి. సగంలో మార్చకూడదు.

ఈ పద్ధతి నిజంగా రుచి తగిలేది గ్రహం, రాశి, బొమ్మ మూడూ ఒకే మాట పలికినప్పుడు. సెవెన్ ఆఫ్ పెంటకిల్స్ వృషభంలో శని. కాపు మీద ఉన్న తీగ ముందు రైతు పనిముట్టు మీద చేతులు ఆనించి నిలబడ్డాడు, కోత ఇంకా రాలేదు. శని ఆలస్యం, వృషభం నేల, ఇంతకన్నా చక్కగా కుదరదు. టెన్ ఆఫ్ వాండ్స్ ధనుస్సులో శని. దూరపు లక్ష్యం మీద భారం. నైన్ ఆఫ్ కప్స్ మీనంలో గురుడు, సొంతింట్లో ఉన్నాడు కాబట్టి ఆ తృప్తి మొహం. త్రీ ఆఫ్ పెంటకిల్స్ మకరంలో కుజుడు, అక్కడ అతనికి ఉచ్చ, అంటే అత్యంత బలమైన చోటు. రాతిపని చేసే చేతికి అంత బలం అక్కడి నుంచే.

మరి తులలో శని కూడా ఉచ్చే కదా, త్రీ ఆఫ్ స్వోర్డ్స్ గుండెలో మూడు కత్తులు ఎందుకు? వృశ్చికంలో కుజుడికి స్వక్షేత్రం (సొంతిల్లు), ఫైవ్ ఆఫ్ కప్స్‌లో ఒలికిపోయిన గిన్నెల ముందు ఏడుపెందుకు? జ్యోతిషం తెలిసినవారు పట్టికను విసిరికొట్టేది ఇక్కడే. దీనికి జవాబు వరసలో ఉంది. ఈ డెక్కుల్లో అంకెల కార్డు అర్థానికి మొదట బరువు ఇచ్చేది అంకె, తర్వాత సూట్ తత్త్వం, ఆ తర్వాతే గ్రహం. అంకె బరువు యూదుల రహస్య విద్య కబాలాలో చెప్పే పది స్థానాల వృక్షంలోని స్థానాన్ని బట్టి వస్తుంది. అయిదో స్థానం కాఠిన్యం, కోత. అందుకే నాలుగు సూట్లలోనూ అయిదులు ఇబ్బందులే, ఏ గ్రహం ఎక్కడ ఉన్నా సరే. మూడో స్థానం శనిదే. దానికి స్వోర్డ్స్ కోత తోడైతే ఆ శని దుఃఖంగా దిగుతాడు. కాబట్టి ఉచ్చ, నీచ, స్వక్షేత్రం అన్న మాటలతో కార్డు మంచిదా చెడ్డదా అని తేల్చకండి. ఆ స్థితి ఎంత గట్టిగా అన్నది చెబుతుంది, అంతవరకే వాడండి. ఇంత చెప్పినా మిథునంలో రవికి టెన్ ఆఫ్ స్వోర్డ్స్, మీనంలో కుజుడికి టెన్ ఆఫ్ కప్స్ అతికించడానికి చేసే వాదనలు నాకు బలవంతంగానే అనిపిస్తాయి. ఆ రెండింటికీ గ్రహాన్ని పక్కనపెట్టి బొమ్మను చదవడమే మేలు.

నేర్చుకోవడానికి ఒక్క ఉపాయం చాలు: కార్డులను నేల మీద చక్రంగా పరవడం. 7 సెంటీమీటర్ల వెడల్పు, 12 పొడవు ఉన్న మామూలు కార్డులైతే 36 కార్డుల వలయం లోపలి అంచు దాదాపు 80 సెంటీమీటర్ల వ్యాసం వస్తుంది, మొత్తానికి మీటరుకు కొంచెం ఎక్కువ జాగా చాలు. దాని లోపల పేజీలు కాక మిగిలిన 12 కోర్టు కార్డులు, ఇంకా లోపల 12 రాశుల మేజర్లు, నడుమ ఏస్‌లు. కోర్టు కార్డులను రాశికి సూటిగా పెట్టకూడదు, ఒక ముక్క వెనక్కి జరపాలి. ఒక్కో కోర్టు కార్డు తన రాశికి వెనక ఉన్న రాశి 20 డిగ్రీల నుంచి తన రాశి 20 డిగ్రీల దాకా నిలుస్తుంది. క్వీన్ ఆఫ్ వాండ్స్ కింద టెన్ ఆఫ్ కప్స్, టూ ఆఫ్ వాండ్స్, త్రీ ఆఫ్ వాండ్స్ వస్తాయి. మేషరాశి ధాటి కింద మీనం ముగింపు దాగి ఉండడం అలా పరిచినప్పుడే కంటికి ఆనుతుంది, పట్టికలో కనబడదు.

క్వీన్‌లు చర రాశులు, ఇందులో గొడవ లేదు. కింగ్, నైట్ దగ్గరే అసలు చిక్కు. గోల్డెన్ డాన్ కాగితాల్లో రాజు గుర్రం మీద ఉంటాడు, ద్విస్వభావ రాశి అతనిది. రథం మీది యువరాజుది స్థిర రాశి. రైడర్-వెయిట్‌లో రాజు సింహాసనం మీద కూర్చున్నాడు, గుర్రం నైట్‌కి పోయింది. పేరును బట్టి పట్టిక వేస్తే కింగ్ ఆఫ్ పెంటకిల్స్ కన్య అవుతాడు. బొమ్మలో ఆయన సింహాసనం మీద ఎద్దు తలలు చెక్కి ఉన్నాయి! కింగ్ ఆఫ్ వాండ్స్ వెనక సింహాలు. అందుకే రైడర్-వెయిట్‌కు గుర్రాన్ని ఆధారం చేసుకుని నైట్‌కి ద్విస్వభావం, కింగ్‌కి స్థిరం ఇస్తే బొమ్మతో తగాదా ఉండదు. థోత్‌లో కింగ్ లేడు, నైట్‌కి ద్విస్వభావం, ప్రిన్స్‌కి స్థిరం. పేజీలకు ఒక్క రాశి అంటూ ఉండదు, వదిలేయండి.

మేజర్లలో 12 రాశులకు, 7 గ్రహాలకు, 3 తత్త్వాలకు కలిపి 22. మూన్ కార్డుకు మీనం, చంద్రుడికి హై ప్రీస్టెస్. ఈ ఒక్క మెలిక అందరినీ తికమక పెడుతుంది. ఫూల్, హ్యాంగ్డ్ మ్యాన్, జడ్జిమెంట్ వరసగా వాయువు, జలం, అగ్ని. వీటికే కొందరు యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో ఇస్తారు; పెద్ద నష్టం లేదు. రాహుకేతువులకు ఇందులో చోటు లేదు, ఇరికించకండి. పాత మార్సెయ్ డెక్కులో 8 జస్టిస్, 11 స్ట్రెంత్, రైడర్-వెయిట్‌లో తారుమారు. కార్డు పేరును చూసి రాశి వేయాలి, అంకెను చూసి కాదు. స్ట్రెంత్ ఎక్కడున్నా సింహమే.

తేదీల సంగతి. 36 అంకెల కార్డులు తలా పది రోజులు, రాశుల మేజర్లు నెల, కోర్టు కార్డులు నెల చెబుతాయి. గ్రహాల, తత్త్వాల మేజర్లు పది, ఏస్‌లు నాలుగు, పేజీలు నాలుగు, మొత్తం 18 కార్డులకు ఇరుకైన తేదీ అంటూ లేదు. అంటే దాదాపు నాలుగింట ఒకసారి జవాబే రాదు. వచ్చినా ఏ ఏడాది అన్నది కార్డు చెప్పదు. పైగా సూర్యుడు జనవరిలో వేగంగా, జులైలో నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి ముక్కకు పది రోజులన్నది ఉజ్జాయింపు. అంచున పుట్టినవారికి పంచాంగంలో డిగ్రీలు చూడకుండా కార్డు చెబితే పక్క కార్డు చెప్పినట్టే.

గుర్తులు కార్డుల మీద రాసుకోవాలనిపిస్తుంది. నున్నటి పూత ఉన్నవాటికి పెన్సిల్ అంటదు, మార్కర్ అయితే చెరగదు. చిన్న స్టిక్కర్లు అంటిస్తే కట్ట ఒక మూల ఉబ్బి, కలిపేటప్పుడు ఆ కార్డులే చేతికి తగులుతుంటాయి. విడి కాగితం మీద చక్రం గీసుకోవడం మంచిది. థోత్ డెక్కు అంకెల కార్డుల మీద గ్రహం, రాశి గుర్తులు ఎలాగూ ఉంటాయి.

తలకిందులుగా పడిన కార్డును ‘గ్రహం వక్రించింది’ (వెనక్కి నడుస్తోంది) అని చదివే అలవాటు ఒకటి ఈమధ్య బాగా పాకింది. 36 అంకెల కార్డుల్లో అయిదు రవివి, అయిదు చంద్రుడివి, వాళ్లిద్దరికీ వక్రమే లేదు. సిక్స్ ఆఫ్ పెంటకిల్స్ తలకిందులైతే వృషభంలో చంద్రుడు వక్రించాడని ఎలా చెబుతారు?