చలికాలం జపాన్ రైళ్లలో ఆరు రోజులు: బుల్లెట్ రైలు బాగుంది, బొగ్గు పొయ్యి రైలు ఇంకా బాగుంది

ఫిబ్రవరి రెండో వారంలో నేనూ మా ఆయనా నాన్నని వెంటబెట్టుకుని టోక్యో నుంచి ఉత్తరాన ఉన్న అఒమోరి, అక్కడి నుంచి హొక్కైదో దీవిలోని హకొదాతె దాకా రైళ్లలోనే వెళ్లి వచ్చాం. నాన్న కాజీపేట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు, వయసు డెబ్బై మూడు, గుడ్డు కూడా ముట్టరు. ఆ వయసు మనిషిని ఆ చలిలోకి, ఆ తిండిలోకి తీసుకెళ్తావా అని ఇంట్లో అందరూ అన్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా: తీసుకెళ్లండి, కానీ క్యోతో, ఒసాకా కాకుండా ఉత్తరానికి తీసుకెళ్లండి, బుల్లెట్ రైలును అక్కడికి చేరడానికి మాత్రమే వాడుకుని మిగతా రోజులు చిన్న లైన్లలో తిరగండి.

టోక్యో నుంచి షిన్-అఒమోరికి హయబుసా అనే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) సుమారు మూడు గంటల పది నిమిషాల్లో వెళ్తుంది, ఉత్సునొమియా దాటాక గంటకు 320 కిలోమీటర్లు అందుకుంటుంది, మొరియొకా దాకా అదే వేగం. సీట్లన్నీ రిజర్వేషనే, ముందే తీసుకోవాలి. శుభ్రం గురించీ, టైము గురించీ అందరూ రాస్తారు, నేను మళ్లీ రాయను. నాన్నకు బాగా నచ్చింది మాత్రం మొరియొకా స్టేషన్. మన రైలుకు ముందు కొమాచి అనే ఎర్ర రైలు తగిలించి ఉంటుంది, అది మొరియొకాలో విడిపోయి అకితా వైపు ముందుగా వెళ్లిపోతుంది, తర్వాత మనది కదులుతుంది. ఈ విడదీయడం అంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఎవరూ పట్టాల మధ్యకు దిగరు, ఎవరూ జెండా ఊపరు. నాన్న ప్లాట్‌ఫాం మీద నిలబడి అది చూస్తుంటే రైలు ఎక్కడ వెళ్లిపోతుందోనని నాకు టెన్షన్, ఆయనకు మాత్రం కదిలే ముందు రైలు ఎలా ఉంటుందో తెలుసు కదా, తీరిగ్గా వచ్చి కూర్చున్నారు. మొరియొకా దాటాక మంచు మొదలైంది, అక్కడక్కడా ఇళ్ల కిటికీల దాకా ఉంది. అయితే మధ్యలో సొరంగాలు చాలా ఎక్కువ, మంచు ఇలా కనిపించి అలా మాయమవుతుంది. బుల్లెట్ రైలులోంచి చలికాలం చూద్దామనుకుంటే సగం చీకటే చూస్తారు.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే. రైల్వే స్టేషన్లలో అమ్మే భోజనం డబ్బాలను ఎకిబెన్ అంటారు. టోక్యో స్టేషన్ లోపల ఎకిబెన్‌యా మత్సురి అనే కొట్టులో దేశంలోని ఊరూరి డబ్బాలూ ఒకేచోట పెడతారు, పొద్దున్నే తెరుస్తారు, పొద్దున్నే జనం కూడా ఉంటారు. నేను చేపలు తింటాను కాబట్టి నాకు పండగే. సాల్మన్ ఉడికించిన రసంలోనే అన్నం వండి, పైన చేప ముక్కలూ ఎర్రటి గుడ్లూ పరిచే హరాకో మెషి అనే డబ్బా తీసుకున్నాను, అది సెందాయ్ వైపు వంటకం. అన్నం చల్లగానే ఉంటుంది, అది చల్లగా తినడానికే వండిన అన్నం, అందుకే మెత్తగా, కమ్మగా ఉంది. సెందాయ్‌దే ఇంకో డబ్బా ఉంది, తాడు లాగితే అడుగున సున్నం వేడెక్కి పొగలు కక్కుతుంది, చూడటానికి భలే ఉంటుంది కానీ లోపల ఉండేది ఎద్దు నాలుక, మన వాళ్లు తెలుసుకుని తీసుకోండి.

శాకాహారులకు చిక్కు ఏమిటంటే మాంసం ముక్క కనపడకపోయినా పులుసులో, కూరలో, కొన్ని రకాల సోయా సాస్‌లో కూడా తరచుగా దాషి అనే ఎండు చేపల చారు కలిసి ఉంటుంది. మేం దిగిన ఒక హోటల్లో శాకాహారం కావాలని రెండు వారాల ముందే రాశాం, సరే అన్నారు, తీరా పొద్దున టిఫిన్‌లో ముక్కలు లేని మిసో సూప్ (సోయా ముద్దతో చేసే చారు) పెట్టి ఇదే శాకాహారం అన్నారు. చేపల చారు ఉందా అని అడిగితే ఉంది అన్నారు, అదీ ఎంతో మర్యాదగా. నాన్న ఏమీ అనలేదు, ఉత్త అన్నం తిని లేచారు, నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. ఆ రోజు నుంచి మా పద్ధతి మార్చేశాం. అక్కడి చిన్న కొట్లలో ప్యాకెట్ అన్నం దొరుకుతుంది, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే పొగలు వచ్చే మెత్తటి అన్నం. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, అక్కడే కొన్న నువ్వుల నూనె, అంతే. వాళ్ల నువ్వుల నూనె వేయించిన నువ్వులది, వాసన ఘాటుగా ఉంటుంది, కందిపొడిలోకి అంత బాగా కుదురుతుందని నేను అనుకోలేదు. వీటితో పాటు చలికాలంలో సూపర్ మార్కెట్లలో కాల్చిన చిలగడదుంపలు వేడివేడిగా పెడతారు, తేనె కారుతున్నట్టు ఉంటాయి. నాన్న రోజుకు ఒకటి తిన్నారు.

అఒమోరి ఆపిల్ పండ్ల ఊరు, జపాన్‌లో పండే ఆపిల్స్‌లో సగానికి పైగా ఈ ఒక్క రాష్ట్రంలోనే. స్టేషన్లో వెండింగ్ మెషీన్‌లో కూడా ఆపిల్ రసం సీసాలు ఉంటాయి. స్టేషన్‌కు దగ్గర్లో ఒక చేపల మార్కెట్ ఉంది, అక్కడ టికెట్ల కట్ట కొనుక్కుని, ఒక టికెట్‌కు అన్నం గిన్నె తీసుకుని, కొట్టు కొట్టుకూ తిరుగుతూ ఒక్కో టికెట్‌కు ఒక్కో చేప ముక్క పెట్టించుకోవచ్చు, దాన్ని నొక్కెదోన్ అంటారు. అక్కడి ముత్సు అఖాతంలో పెంచే హొతాతె ఆల్చిప్పలు తియ్యగా ఉన్నాయి, నేను మూడు టికెట్లు వాటికే పెట్టాను.

ఇక అసలు రైలు. అఒమోరి నుంచి కవాబె అనే జంక్షన్‌లో మారి గొనో లైన్ మీద గొషొగవారా వెళ్లాలి. దారి పొడుగునా ఆపిల్ తోటలు, మంచులో నల్లటి కొమ్మలు మాత్రమే కనిపిస్తాయి, వెనక ఇవాకి కొండ. ఈ చిన్న రైళ్లలో చలికాలం తలుపులు వాటంతట అవి తెరుచుకోవు, పక్కన బటన్ నొక్కాలి. మొదటిసారి మేం తలుపు ముందు నిలబడి ఎదురుచూస్తుంటే వెనక ఉన్న పెద్దావిడ చెయ్యి చాచి నొక్కింది.

గొషొగవారాలో ఆ స్టేషన్ పక్కనే త్సుగరు రైల్వే స్టేషన్. ఇది 1930లో మొదలైన చిన్న ప్రైవేటు లైను, మొత్తం పొడవు 20.7 కిలోమీటర్లు. డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఇక్కడ స్టవ్ రైలు నడుస్తుంది. పాత పెట్టెలు, చెక్క నేల, పెట్టెకు రెండు వైపులా ఇనుప పొయ్యిలు, గుండ్రంగా బొద్దుగా ఉంటాయి, వాటి పొగ గొట్టం పైకప్పులోంచి బయటికి పోతుంది, పక్కనే బకెట్‌లో బొగ్గు. ఎందుకు ఇలా అంటే, ఒకప్పుడు బోగీలను వేడి చేయడానికి ఆవిరి ఇంజన్ నుంచే ఆవిరి గొట్టం వేసేవారు, ఈ రైలు ఇంజన్‌లో ఆ ఏర్పాటు లేదు, అందుకని పొయ్యిలు పెట్టుకున్నారు. ఇది నాకు నాన్న చెప్పారు, తర్వాత అక్కడి అటెండెంట్ కూడా అదే చెప్పింది, నాన్న మొహం చూడాలి అప్పుడు.

టికెట్ అట్టతో చేసినది. మన దగ్గర కంప్యూటర్ టికెట్లు రాకముందు ఉండేవే, అంత మందంగా, అంతే చిన్నగా. నాన్న దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు కూర్చున్నారు.

రైలు కదిలాక అటెండెంట్ పట్టకారుతో బొగ్గు ముక్కలు వెయ్యడం మొదలుపెట్టింది. ఆ వాసన వచ్చేసరికి నాన్న లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. సింగరేణి బొగ్గు వాసన వేరు, ఇది వేరు అన్నారు. ఆ పక్కన ఒక ప్రయాణికుడు సరదాగా ఒక్కసారే చాలా బొగ్గు వేసేయబోతే నాన్న ఆపి, నా వైపు తిరిగి, "గట్ల కాదు బిడ్డా, కుప్పవోస్తే పొగ లేస్తది, పల్చగ పరువాలె, జరసేపటికి మళ్ల ఎయ్యాలె, చెప్పు ఆయనకు" అన్నారు. నాకు వచ్చిన జపనీస్ నాలుగు మాటలు. చేతులతో చెప్పాను. అటెండెంట్‌కు అర్థమైంది, తన గ్లౌజు తీసి నాన్న చేతికి ఇచ్చింది. నాన్న వంగి, నాలుగే నాలుగు ముక్కలు, అంచులకు రెండు, మధ్యలో రెండు, పేర్చారు. ఆవిరి ఇంజన్లు పోయాక ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన బొగ్గు ముట్టుకోలేదు. ఆ నాలుగు ముక్కల కోసం ఇంత దూరం రావచ్చు అనిపించింది నాకు, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నా.

ఇక శాకాహారులకు ఒక హెచ్చరిక. ఈ రైలులో అందరూ చేసే పని ఎండు స్క్విడ్ కొనుక్కుని ఆ పొయ్యి మీద కాల్పించుకోవడం. అటెండెంట్లే వల మీద పెట్టి కాల్చి, చీల్చి ఇస్తారు. రుచి అద్భుతం, నమలగా నమలగా తియ్యదనం వస్తుంది, పొగ వాసనతో ఉండే దాన్ని సాకె అనే బియ్యపు మద్యం తాగేవాళ్లు ఇంకా ఇష్టపడతారట. కానీ వాసన మాత్రం ఎండు నెత్తళ్లు కాల్చినట్టు పెట్టె అంతా నిండిపోతుంది, కిటికీలు తెరవలేం. నాన్న బాపట్ల వైపు ప్యాసింజర్ నడిపిన రోజుల్లో గంపలతో ఎక్కేవాళ్లు గుర్తొచ్చారు అన్నారు, ఆయనకు ఇబ్బంది కాలేదు, మీ ఇంట్లో పెద్దవాళ్లకు అవుతుందో లేదో మీకే తెలియాలి. పొయ్యి పక్క సీటులో స్వెటర్ కూడా విప్పేయాల్సినంత వేడి, పెట్టె మధ్యలో హాయిగా ఉంటుంది. కనగి స్టేషన్ దాటాక రెండు పక్కలా పొలాలు, అక్కడ మంచు పైనుంచి పడదు, నేల మీది మంచునే గాలి లేపి అడ్డంగా తోలుతుంది, కిటికీ బయట అంతా తెల్లటి పొగలాగా ఉరుకుతుంటుంది, లోపల పొయ్యి చిటపటమంటూ ఉంటుంది. అషినొ కొయెన్ దగ్గర పాత స్టేషన్ భవనంలో కాఫీ షాపు ఉంది, తిరుగు రైలు దాకా అక్కడ కూర్చోండి.

అఒమోరి నుంచి హకొదాతెకు వెళ్లేటప్పుడు సెయికన్ సొరంగం వస్తుంది, 53.85 కిలోమీటర్లు, అందులో 23 కిలోమీటర్లకు పైగా సముద్రం కింద. 1954లో తోయా మారు అనే ఓడ తుఫానులో మునిగి 1,100 మందికి పైగా చనిపోయాక ఈ సొరంగం పని ఊపందుకుంది, తవ్వేటప్పుడు 34 మంది కార్మికులు పోయారు, 1988 మార్చిలో తెరిచారు. లోపల మామూలుగా షింకన్‌సెన్ కాస్త నెమ్మదిస్తుంది, ఎందుకంటే అవే పట్టాల మీద గూడ్సు బళ్లు కూడా వెళ్తాయి, గేజులు వేరు కాబట్టి మూడు పట్టాలు వేశారు. చూడటానికి ఏమీ ఉండదు, చీకటే, అయినా నాన్న కిటికీకి ఆనుకునే ఉన్నారు.

హకొదాతె కొండ 334 మీటర్లు, రోప్‌వేలో మూడు నిమిషాలు. పైన నుంచి రాత్రి చూస్తే రెండు పక్కలా సముద్రం నొక్కడంతో ఊరు నడుము సన్నబడి దీపాలతో మెరుస్తుంది. గాలి మాత్రం ముక్కు కోసేస్తుంది, పెద్దవాళ్లకు ఒంటికి అంటించుకునే వేడి ప్యాకెట్లు తప్పనిసరి. ట్రామ్ ఎక్కి యునొకవా వెళ్తే అక్కడి తోటలో కోతులు వేడి నీళ్లలో కళ్లు మూసుకుని కూర్చుంటాయి, డిసెంబర్ నుంచి మే మొదటి రోజుల దాకా. కోతుల కోసం నగనో వెళ్లి మంచులో నడవలేని వాళ్లకు ఇది చాలు. పొద్దున మార్కెట్ మామూలుగానే ఉంది, ధరలు ఎక్కువ, నాకు అఒమోరిదే నచ్చింది.

డబ్బు సంగతి: దేశం మొత్తానికి పనికొచ్చే ఏడు రోజుల జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ 2023 అక్టోబర్‌లో 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000 అయింది. ఈ దారికి అది అనవసరం, తూర్పు జపాన్-దక్షిణ హొక్కైదో పాస్ ఆరు రోజులకు ఉంది, అది తీసుకుంటే హకొదాతె దాకా సరిపోతుంది. ఊరికే తూర్పు జపాన్ పాస్ తీసుకుంటే షిన్-అఒమోరి దగ్గరే ఆగిపోతుంది, చూసుకోండి. త్సుగరు రైల్వేకు ఈ పాస్‌లు ఏవీ చెల్లవు, మామూలు టికెట్‌తో పాటు స్టవ్ పెట్టెకు విడిగా ఇంకో టికెట్ కొనాలి, చేతిలో నోట్లూ చిల్లరా ఉంచుకోండి. గాలి ఎక్కువైతే ఆ వైపు చిన్న రైళ్లు ఆపేస్తారు, అందుకని స్టవ్ రైలును చివరి రోజుకు పెట్టుకోకుండా, అఒమోరి చేరిన మర్నాడే ఎక్కేయండి.