అజాన్ గోడ గడియారం: తగిలించే ముందు సెట్టింగులు చూసుకోండి

చార్మినార్, పత్తర్‌గట్టి దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే డిజిటల్ అజాన్ (నమాజ్ పిలుపు) గడియారాల గురించి ఈ సమీక్ష. కంపెనీలు వేరైనా లోపలి పని దాదాపు ఒకటే. ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ తీసుకుని, సూర్యుడు ఎక్కడున్నాడో చూసి నమాజ్ ఐదు వేళలు (తెల్లవారుజామున ఫజర్, మధ్యాహ్నం జుహర్, సాయంత్రం అసర్, సూర్యాస్తమయానికి మగ్రిబ్, రాత్రి ఇషా) లెక్కగడుతుంది, వేళకి అజాన్ వినిపిస్తుంది. వస్తువు మంచిదే. కానీ పెట్టెలోంచి తీసి అలాగే మేకుకు తగిలిస్తే మన ఊళ్లలో తప్పు వేళలు చూపిస్తుంది.

నమాజ్ నిర్ణీత వేళల్లో విధి అని ఖురాన్ (4:103) చెప్తుంది. వేళ కాకముందు చదివిన ఫర్జ్ (తప్పనిసరి నమాజ్) చెల్లదు, వేళ దాటితే ఖజా, అంటే తప్పిపోయిన నమాజ్ తర్వాత తీర్చుకోవడమే. అందుకే ఇక్కడ పది నిమిషాల తేడా కూడా చిన్న విషయం కాదు.

మొదట చూడాల్సింది ఊరు. కొన్ని మోడళ్ల జాబితాలో మన రాష్ట్రాల నుంచి హైదరాబాద్ ఒక్కటే ఉంటుంది. విశాఖవాళ్లు అదే పెట్టుకుంటారు. అక్షాంశం రెంటికీ దగ్గర దగ్గరే కానీ విశాఖ దాదాపు 4.7 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ప్రతి వేళా సుమారు 19 నిమిషాలు ఆలస్యంగా చూపిస్తుంది. ఇఫ్తార్ 19 నిమిషాలు ఆలస్యమైతే ఆకలి తప్ప నష్టం లేదు. సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం) సంగతి అలా కాదు. గడియారం ఇంకా టైముందంటుంది, బయట ఫజర్ వేళ ఎప్పుడో ప్రవేశించి ఉంటుంది, ఆ రోజా (ఉపవాసం) పోయినట్టే. విజయవాడలో ఈ తేడా 9 నిమిషాల దాకా ఉంటుంది. అక్షాంశ రేఖాంశాలు చేత్తో ఎక్కించుకునే సౌకర్యం లేని మోడల్ హైదరాబాద్ బయటివాళ్లు కొనక్కర్లేదు. టైమ్ జోన్ 5:30 ఉండాలి, డేలైట్ సేవింగ్ ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే అన్నీ గంట ఎక్కువ చూపిస్తాయి. ఇది ఎవరైనా వెంటనే పసిగడతారు కాబట్టి అంత ప్రమాదం లేదు.

రెండోది లెక్క పద్ధతి. పెట్టెలోంచి వచ్చేటప్పుడు చాలావాటిలో మక్కా ఉమ్ముల్ ఖురా పద్ధతే ఉంటుంది. అందులో ఇషా అంటే మగ్రిబ్ తర్వాత 90 నిమిషాలు, రంజాన్‌లో 120. మన దగ్గర వాడుకలో ఉన్న కరాచీ పద్ధతిలో ఫజర్, ఇషా రెండూ సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కింద ఉన్నప్పుడు. హైదరాబాద్‌లో ఆ ఇషా మగ్రిబ్ తర్వాత 72 నుంచి 82 నిమిషాల్లోనే వచ్చేస్తుంది. ఉత్తర అమెరికా పద్ధతి 15 డిగ్రీలది, పొరపాటున అది పడితే ఫజర్ సుమారు 13 నిమిషాలు ఆలస్యంగా చూపిస్తుంది. మళ్లీ సహరీ చిక్కే.

మూడోది అసర్. దీని వేళ మీద హనఫీ, షాఫయీ అనే రెండు ధర్మశాస్త్ర సంప్రదాయాల లెక్క వేరు. హనఫీలకు వస్తువు నీడ, మధ్యాహ్నపు నీడ తీసేయగా, వస్తువు ఎత్తుకు రెండింతలు అయినప్పుడు. షాఫయీలకు ఒక ఇంత అయినప్పుడే. హైదరాబాద్‌లో ఈ రెంటికీ డిసెంబరులో ముప్పావు గంట, జూన్‌లో గంటా పావు దాకా తేడా. మీ మసీదు ఏది పాటిస్తుందో అదే పెట్టండి.

ఇవి పెట్టాక మసీదులో ఇచ్చే వేళల క్యాలెండర్ పక్కన పెట్టుకుని మగ్రిబ్ చూడండి. రెండు నిమిషాల లోపు తేడా అయితే ఊరు సరిగ్గా పడ్డట్టు. తర్వాత ఫజర్ చూడండి, అది కలిస్తే పద్ధతి కూడా సరే. జుహర్ రోజుకో తీరుగా మారుతోందని కంగారొద్దు. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఫిబ్రవరి నడిమిలో 12:30కి, నవంబరు మొదట్లో 12:00కే.

తెర మీద ఐదు వేళలతో పాటు కనిపించే షురూఖ్ నమాజ్ వేళ కాదు. అది సూర్యోదయం, అక్కడితో ఫజర్ వేళ ముగుస్తుంది. జమాత్ (మసీదులో అందరూ కలిసి చేసే నమాజ్) ఎప్పుడన్నది కూడా గడియారం చెప్పదు, అది మసీదు కమిటీ పెట్టేది.

హిజ్రీ (ఇస్లామీ క్యాలెండర్) తేదీ తరచు మన చంద్ర దర్శనం కంటే ఒక రోజు ముందుంటుంది. మైనస్ ఒకటి పెట్టే వీలుంటే పెట్టండి. ఖిబ్లా (నమాజ్‌లో తిరగాల్సిన మక్కా దిక్కు) దిక్సూచి ఉన్న మోడళ్లలో ఆ ముల్లును నమ్మొద్దు, పక్కనే ఉన్న స్పీకర్ అయస్కాంతం దాన్ని లాగేస్తుంది. హైదరాబాద్ నుంచి ఖిబ్లా పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది.

బ్యాటరీ విషయంలో పిసినారితనం పనికిరాదు. తెరకు కరెంటు చాలా తక్కువ చాలు, అజాన్ మోగేటప్పుడే ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. చవక సెల్స్ వేస్తే అంకెలు బాగానే కనిపిస్తాయి, గొంతు మాత్రం సాగుతుంది, లేదా మధ్యలో తెగిపోతుంది. ఆల్కలైన్ వేయండి, పాతదీ కొత్తదీ కలపొద్దు. సెల్స్ మార్చాక తేదీ, ఊరు మళ్లీ చూసుకోవాలి, కొన్ని మోడళ్లు నేరుగా మక్కా సెట్టింగుకు వెళ్లిపోతాయి. నెలకోసారి ఫోన్ టైముతో సరిచూస్తే చాలు. కొనేటప్పుడు షాపులోనే మీ ఊరి అంకెలు ఎక్కించి, ఆ రోజు మగ్రిబ్ ఎంత చూపిస్తోందో చూసి డబ్బులివ్వండి.