1991 మస్టాంగ్ 5.0: తొమ్మిదేళ్ళలో నిలిచినవి, విరిగినవి

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటూ 1991 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఎల్‌ఎక్స్ 5.0ను నేను తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాను. వారంలో రెండు మూడు రోజులు దానిలోనే ఆఫీసుకు వెళ్తాను. వీలు దొరికినప్పుడు సుమారు 45 మైళ్ళ దూరంలో ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ రేసు ట్రాక్‌కు నడుపుకుంటూ వెళ్ళి, పావు మైలు పరుగులు నాలుగైదు తీసి, అదే కారులో ఏసీ వేసుకుని ఇంటికి తిరిగి వస్తాను. ట్రెయిలర్ నా దగ్గర లేదు, కొనే ఉద్దేశమూ లేదు. కింద రాసిన మంచిచెడ్డలన్నీ ఆ తిరుగు ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే.

కారు కొన్న ఏడాదే నేను చేసిన పొరపాటు డబ్బంతా ఇంజిన్ మీద పెట్టడం. కంపెనీ నుంచి వచ్చిన 302 ఘనపు అంగుళాల ఇంజిన్ శక్తి 225 హార్స్‌పవర్. దాని ఊపిరిని బిగబట్టేవి సిలిండర్ల మీద కూర్చుని గాలిని లోపలికీ బయటికీ పంపే ఈ7 రకం ఇనుప హెడ్‌లు కాబట్టి వాటిని తీసేసి అల్యూమినియం హెడ్‌లు, వాటికి గాలి అందించే కొత్త ఇన్‌టేక్ మానిఫోల్డ్, వాటితోపాటు వాల్వ్‌లను తెరిచే కామ్‌షాఫ్ట్ చాలా పెద్దది వేయించాను. హెడ్‌ల విషయంలో ఈనాటికీ చింత లేదు. ఈ కారుకు పెట్టిన ప్రతి డాలరుకూ అత్యధిక ఫలితం ఇచ్చింది అవే. కామ్‌షాఫ్ట్ మాత్రం ట్రాఫిక్‌లో నరకం చూపించింది. కారు ఆగి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పడిపోవడంతో పెడల్ రాయిలా బిగుసుకునేది, 2,500 ఆర్‌పీఎం లోపు ఇంజిన్ జీవం లేనట్టుగా లాగేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు రెండేళ్ళకు దాన్ని విప్పించి చిన్న కామ్ వేయించాను. ఆశ్చర్యమేమిటంటే పావు మైలు సమయంలో పోయింది సెకనులో పదో వంతు కూడా కాదు. కారు వెతుకుతున్నవారికి ఒక మాట: 1989 నుంచి వచ్చిన కార్లలో గాలి బరువును కొలిచే మాస్ ఎయిర్ వ్యవస్థ ఉంటుంది, అది కామ్ మార్పును చాలావరకు సర్దుకుంటుంది. గాలిని నేరుగా కొలవకుండా లెక్కగట్టే, అంతకు ముందున్న స్పీడ్ డెన్సిటీ కార్లు సర్దుకోలేవు.

ఇంకా శక్తి కోసం టర్బో వేయమని, నైట్రస్ వాయువు పెట్టమని సలహా ఇచ్చినవారు చాలామంది. ఈ ఇంజిన్ బ్లాకు 500 హార్స్‌పవర్ దరిదాపులకు వెళ్తే కామ్‌షాఫ్ట్ ఉండే నడిమి భాగం వెంబడి రెండుగా చీలుతుందన్నది ఈ కార్లతో తిరిగే ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి. కాబట్టి ఆ దారి పడితే కొత్త బ్లాకు కూడా కొనక తప్పదు. ఇంజిన్ లేని ఖాళీ మస్టాంగ్ చేతికొస్తే మాత్రం నేను ఫోర్డ్ అభిమానాన్ని పక్కన పెట్టి, షెవ్రొలే సిల్వరాడో ట్రక్కుల 5.3 లీటర్ ఇంజిన్‌ను, 4ఎల్80ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను వేస్తాను. నడుస్తున్న కారును విప్పి ఆ పని చేయడం నాకు దండగగా తోచింది.

అసలు పాఠం ఇంజిన్ వెనక ఉంది. 1986లో బిల్లీ మేయర్ కట్టించిన మోటార్‌ప్లెక్స్ ట్రాక్ మొదటి నుంచి చివరి దాకా కాంక్రీటు. మామూలు రోడ్డు మీద టైరు జారిపోవడం వల్ల బతికిపోయిన భాగాలు, అక్కడ టైరు నేలను పట్టుకోగానే ఆ భారమంతా తమ మీద పడి విరుగుతాయి. 275/50ఆర్15 మికీ థాంప్సన్ డ్రాగ్ రేడియల్ టైర్లు (గాట్లు తక్కువగా ఉండే మెత్తటి రబ్బరు రేసు టైర్లు) వేసిన మొదటి నెలలోనే కంపెనీ టీ-5 గేర్‌బాక్స్‌లో మూడో గేరు పళ్ళు రాలిపోయాయి. 1991లో దానికి ఫోర్డ్ నిర్ణయించిన సామర్థ్యమే సుమారు 300 పౌండ్-అడుగుల టార్క్ కాబట్టి తప్పు గేర్‌బాక్స్‌ది కాదు, నాది. దాని స్థానంలో ట్రెమెక్ టీకేఎక్స్ అనే అయిదు గేర్ల గేర్‌బాక్స్ వచ్చింది. 600 పౌండ్-అడుగులు దాని పరిమితి, నా ఇంజిన్ అందులో సగం దాటి ఎంతో పోదు.

వెనక ఇరుసు పళ్ళ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ తిరిగే చుట్లు) ఎంపికలో లెక్క వేసుకోవడం వల్ల నాకు మేలు జరిగింది. కంపెనీ 2.73 తీసి 3.73 వేయించాను. సుమారు 26 అంగుళాల టైరుతో 70 మైళ్ళ వేగంలో, ఓవర్‌డ్రైవ్ అనే 0.68 నిష్పత్తి అయిదో గేరులో ఇంజిన్ దాదాపు 2,300 ఆర్‌పీఎం తిరుగుతుంది, హైవే మీద మాటలు వినిపిస్తాయి. ఓవర్‌డ్రైవ్ లేని మూడు గేర్ల ఆటోమేటిక్ అయితే అదే వేగానికి దాదాపు 3,400 దగ్గర మోగుతూ ఉండేది. 4.10 పళ్ళు వేస్తే నా 112 మైళ్ళ ముగింపు వేగానికి నాలుగో గేరులో ఇంజిన్ 5,900 దాటేది, 3.73తో 5,400 దగ్గర ఉంటుంది. ఇంకొక సంగతి, టీ-5 మొదటి గేరు 3.35 కావడంతో 3.73తో గుణిస్తే 12.5 వస్తుంది, టైరు పట్టు నిలవదు. టీకేఎక్స్ 2.87తో అది 10.7కు దిగి, మొదటి 60 అడుగుల సమయం 1.9 నుంచి 1.75కు తగ్గింది. ఆ పళ్ళను బిగించిన దుకాణం వాటి మధ్య ఖాళీని సరిగా చూడకపోవడంతో 60 మైళ్ళ వేగంలో ఆరు నెలలు కూత విన్నాను. రెండోసారి డబ్బిచ్చి వేరేచోట సరిచేయించుకున్నాను.

8.8 అంగుళాల ఇరుసు హౌసింగ్ గట్టిదే, సన్నని 28 పళ్ళ యాక్సిల్ షాఫ్ట్‌లనే 31 పళ్ళవిగా మార్చాను. వాటిని పట్టి ఉంచే సీ-క్లిప్‌లను అలాగే ఉంచాను, ఎందుకంటే క్లిప్ తీసేసే కిట్‌లు రోడ్డు మీద నూనె కారుస్తాయని విన్నాను, నా వేగానికి డ్రాగ్ రేసుల నియమాలు పెట్టే సంస్థ ఎన్‌హెచ్ఆర్ఏ నియమం కూడా వాటిని అడగదు. వెనక ఇరుసును పట్టి ఉంచే కింది కంట్రోల్ ఆర్మ్‌లు బిగిసే చోట రేకు చిరిగితే అతుకు వేయించి, అదే పూట కారు అడుగున ముందూ వెనకా ఉండే రెండు సబ్‌ఫ్రేమ్‌లను కలిపే పట్టీలు కూడా వెల్డింగ్ చేయించాను.

టైర్ల గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ డ్రాగ్ రేడియల్‌లు 4,000 మైళ్ళకు అరిగిపోయాయి. ఒక సాయంత్రం ఎన్నిస్ నుంచి వస్తుండగా వాన పడితే 45 మైళ్ళ వేగంతో కుడి లేనులో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వచ్చాను. ఇప్పుడు వాతావరణం చూడకుండా బయలుదేరను.

మొదట్లో పావు మైలుకు 14.3 సెకన్లు తీసుకున్న ఈ కారు నిరుటి చలికాలం 12.2కు వచ్చింది. ఆగస్టు వేడిలో గాలి పలచబడి 12.6 పడుతుంది. 11.49 సెకన్లు లేదా అంతకంటే తక్కువలో వెళ్తే రోల్ బార్ (బోల్తా పడితే కాపాడే ఉక్కు పైపు) తప్పనిసరి, ఆ పైపు వస్తే వెనక సీటు పోతుంది. మా పిల్లలిద్దరూ కూర్చునేది ఆ సీటులోనే. అందుకే ఈ ఏడాది ఇంజిన్‌లో చేయబోయే మార్పు పెద్ద రేడియేటర్ ఒక్కటే.